పదిహేను కిలోల రాడ్డు

బరువులెత్తేవాళ్ళు కూడికలు వెయ్యరు, రంగులు చూస్తారు. ఎర్ర ప్లేటు ఇరవై ఐదు కిలోలు, నీలం ఇరవై, పసుపు పదిహేను, ఆకుపచ్చ పది. రాడ్డుకి రెండు వైపులా ఒక్కో ఎర్ర ప్లేటు కనబడితే డెబ్బై, అంతే. రాడ్డు ఇరవై, ప్లేట్లు యాభై అని ఎవరూ విడదీసి ఆలోచించరు. చదువొచ్చినవాడు 'అమ్మ' అన్న మాటని కూడబలుక్కుని చదవడు కదా, ఇదీ అంతే. పదమూడేళ్ళ పాటు నేను అలాగే చదివాను. నాకు నేర్పినవాడు అంతకు ముందు ఇంకో పదిహేనేళ్ళు అలాగే చదివాడు.

నేర్పినవాడు మా మామ, అమ్మకి స్వయానా తమ్ముడు. బెంగళూరు పాతపేటలో మాది నేతపని ఇల్లు. ముందు గదిలో రెండు మరమగ్గాలు, వెనక గదిలో మేం ఆరుగురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మగ్గాలు నడుస్తుంటే ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి మా ఇంట్లో అందరికీ అరిచి మాట్లాడటమే అలవాటు. నా కోపానికి ఆ మగ్గాలే కారణమని అమ్మ అంటుంది. మగ్గాల తప్పేం లేదు, నేను పుట్టడమే కోపం ముక్కు మీద పెట్టుకుని పుట్టాను.

మామ పగలు ఒక ఫ్యాక్టరీలో లేతు మెషిన్ మీద పని చేసేవాడు. కుర్రతనంలో గరడీలో, అంటే పేటలో కుస్తీలు పట్టే సాము ఇంట్లో, గద తిప్పి, రాతి గుండ్లెత్తి, తర్వాత రాడ్డుకి మారాడు. రాష్ట్రం పోటీల దాకా వెళ్ళి, మోకాలు పోగొట్టుకుని ఆగిపోయాడు. ఆ గరడీ వెనకే ఒక రేకుల షెడ్డులో చెక్క ప్లాట్‌ఫారం వేసి, ఒక రాడ్డూ రంగు వెలిసిన కొన్ని ప్లేట్లూ పెట్టుకుని సాయంత్రాలు కుర్రాళ్ళకి నేర్పేవాడు. నాకు పదమూడేళ్ళప్పుడు, నూలు మూటలు చేతికొకటి పట్టుకుని నేను మేడ మెట్లెక్కడం చూసి, "అక్కా, ఈ పాపని నాకియ్యి, నేను తయారు చేస్తా" అని అడిగాడు.

అమ్మ ఒప్పుకోలేదు. నాన్న మాట వినడానికి కూడా ఒప్పుకోలేదు. ఆడపిల్ల గరడీలో అడుగు పెట్టడమేమిటని గరడీ పెద్దలు గుడ్లురిమారు. మామ అందరితోనూ పోట్లాడాడు. నాన్నతో ఆరు నెలలు మాటల్లేవు. చివరికి పెద్దలతో కుదిరిన రాజీ ఏమిటంటే, నేను ముందు వాకిలి గుండా కాక వెనక సందులోంచి షెడ్డులోకి రావాలి. పదమూడేళ్ళూ ఆ సందులోంచే వచ్చాను. నా కోసం ఒక మనిషి అంతమందితో గొడవ పెట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత నేను నోరు మూసుకున్న ప్రతిసారీ ఆ ఆరు నెలలే గుర్తుకొచ్చేవి.

మామ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పోటీ రోజున స్టేజీ మీదికి వెళ్ళేముందు లోపలి గదిలో ఒళ్ళు కాగడానికి చిన్న బరువులతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతాం. ఆ గదిలో నేను రాడ్డుకి వీపు పెట్టి, తల మీద తువ్వాలు కప్పుకుని, గోడ వైపు తిరిగి కూర్చోవాలి. ప్లేట్లు వేసేది మామ. పిలిచినప్పుడు లేవాలి, ఎత్తాలి, మళ్ళీ గోడ వైపు తిరగాలి. ఎంత బరువు వేశావని అడగకూడదు.

"నువ్వు సుమ్నే ఎత్తు పాపా. లెక్క నాది" అనేవాడు. సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని.

బరువెంతో తెలిస్తే మనసులో బరువు పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. అది నాకు సరిపడింది కూడా. అనుమానమొస్తే అవతలివాణ్ణి నమిలి మింగే రకాన్ని కాబట్టి, నాకు ఒక్క మనిషిని అనుమానించకుండా ఉండే వీలు దొరకడం పెద్ద సుఖంగా ఉండేది.

ఇరవై ఒకటో ఏట దేశం తరఫున మొదటిసారి బయటికి వెళ్ళాను. ఆరో స్థానం. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. నాలుగో స్థానం. మూడో స్థానానికీ నాకూ మధ్య తేడా రెండున్నర కిలోలు. ఆ రోజుల్లో బరువు రెండున్నర చొప్పునే పెరిగేది, అంతకంటే చిన్న మెట్టు లేదు. పతకాలిచ్చే మూడు మెట్ల చెక్కపెట్టెకి నాలుగడుగుల దూరంలో, దేశం పేరున్న జెర్సీ వేసుకుని చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మూడోసారి వెళ్ళాలి, ఆ పెట్టె ఎక్కాలి. నాకు కావలసిందల్లా అదొక్కటే.

ఆ మూడోసారికి సెలెక్షన్ తొంభైల చివర్లో బెంగళూరులోనే పెట్టారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఒంటి బరువు యాభై మూడు కిలోలు దాటనివాళ్ళ విభాగంలో ఒక్కటే చోటు. దానికి నేనూ, ఈశాన్యం నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ పోటీ. తనకి పంతొమ్మిది. దేశం జట్టుకి శిక్షణ ఇచ్చే క్యాంపు పెద్దాయన ముందు రోజే మమ్మల్ని కూర్చోబెట్టి, ఈసారి చోటు దక్కనివాళ్ళని ఇక క్యాంపుకి పిలవడం కుదరదనీ, చిన్నవాళ్ళని చూసుకోవాలనీ చెప్పాడు. చెప్పింది అందరికీ, చూసింది నా వైపు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆడవాళ్ళకి కొత్త రాడ్లు వచ్చాయి. మగవాళ్ళ రాడ్డు కంటే సన్నం, పొట్టి. బరువు ఇరవై కాదు, పదిహేను. ఆ రోజుకి మేమెవరమూ అలాంటిది సరిగా వాడలేదు. మా షెడ్డులో ఉన్నది ఒక్కటే రాడ్డు, మామ వయసులో ఉన్నప్పటిది. ఆ సాయంత్రం కొత్త రాడ్డు ఒకటి చేతిలోకి తీసుకుని మామ వేళ్ళతో చుట్టి చూశాడు.

"చేతికి బాగా కూర్చుంటుండాది. నీ చెయ్యి చిన్నది కదా, ఇది నీకు లాభం" అన్నాడు.

"పదిహేనే మామా. గుర్తుండాలి" అన్నాను.

"మర్చిపోయేదానికి నేనేం పసిబిడ్డనా?" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి నా బరువు యాభై మూడుకి నాలుగు వందల గ్రాములు ఎక్కువ ఉంది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళు ముట్టుకోలేదు. అయినా తగ్గలేదు. స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద మామ రెయిన్‌కోటు తొడుక్కుని, స్టేడియం చుట్టూ పరుగెత్తాను. పరుగెత్తనప్పుడు ఒక డబ్బా పట్టుకుని ఉమ్ముతూ కూర్చున్నాను. నోట్లో ఉమ్మి ఊరడానికి మామ చింతపండు ఉండ ఇచ్చాడు. దాన్ని చప్పరించాలి, మింగకూడదు. నోరంతా ఎండిపోయి పగిలిన మనిషికి చింతపండు పుండు మీద కారమే. నాకు ఏడుపొచ్చింది గానీ కన్నీళ్ళు రాలేదు, ఒంట్లో నీళ్ళుంటే కదా.

తూకం దగ్గర మొదటిసారి యాభై గ్రాములు ఎక్కువ చూపించింది. ఇంకా పావుగంట టైముంది. మళ్ళీ పరుగు. రెండోసారి ఒంటి మీద బట్ట కూడా లేకుండా, ఊపిరి బయటికి వదిలేసి ఎక్కాను. సరిగ్గా యాభై మూడు. తూకం చూసే ఆవిడ తలూపింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చాక మామ గ్లూకోజు నీళ్ళు ఒక్కొక్క గుక్కే తాగించాడు, ఒక్కసారి తాగితే వాంతవుతుందని. పోటీకి ఇంకా రెండు గంటలు.

నన్ను చూసుకుంటూ ఆయన కూడా ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదని ఇక్కడ చెప్పాలి. ఎవరి తప్పు ఎంతో తూచేటప్పుడు ఇది కూడా ఒక పక్క వెయ్యాలి కదా.

మొదట స్నాచ్. అంటే రాడ్డుని నేల మీది నుంచి మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపులో తల మీదికి తీసుకుపోవడం. మనిషికి మూడు అవకాశాలు. ఒక్కసారైనా ఎత్తితేనే లెక్కలో ఉంటాం. మూడూ పడితే సున్నా, తర్వాత రెండో రకంలో, అంటే రాడ్డుని భుజాల మీద ఆపి ఎత్తేదాంట్లో, ఎంత ఎత్తినా రెండూ కలిపిన మొత్తం లేనట్టే. ఇంకో నియమం ఏమిటంటే, ఒకసారి చెప్పిన బరువుతో ప్రయత్నించి పడేస్తే, మళ్ళీ అదే బరువు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎత్తాలి. కిందికి దిగడం లేదు. అందుకే మొదటి బరువు ఎప్పుడూ జాగ్రత్తగా చెప్తారు. నాకు పోటీల్లో అన్నిటికంటే మంచి స్నాచ్ ఎనభై. మొదటి బరువు డెబ్బై ఐదు అని రాసిచ్చాం.

లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక ప్లేట్లు తగులుతున్న చప్పుడు. మామ పిలవడం, నేను లేవడం, ఎత్తడం. మూడోసారి లేచేటప్పటికే తేడా తెలిసింది. రాడ్డు చేతుల్లోకి దానంతటదే వచ్చేస్తోంది. సన్నగా ఉండటంతో వేళ్ళు పూర్తిగా చుట్టుకుంటున్నాయి. చివరిసారి వంగినప్పుడు రెండు వైపులా ఎర్ర ప్లేట్లు కనబడ్డాయి. డెబ్బై, అనుకుంది నా కన్ను. ఎత్తాను. అది నా తల మీదికి వెళ్ళిన తీరు చూసి పక్కన ఎవరో కోచ్ మెచ్చుకోలుగా ఈల వేశాడు.

"ఎట్లుండాది?" మామ గొంతు మారిపోయింది.

"ఖాళీ రాడ్డు మాదిరి ఉండాది మామా."

"డెబ్బై ఇంత సులువుగా నువ్వు ఎప్పుడూ ఎత్తలే. చూడు, ఆ పిల్ల డెబ్బై ఏడున్నరతో మొదలుపెడ్తా ఉండాది. మనం ఎనభైకి పోదాం. మొదటి దెబ్బకే ఆ పిల్ల గుండె జారిపోవల్ల."

నాకు అనుమానం రాలేదు. పదిహేనే మామా, గుర్తుండాలి అని ముందు రోజు చెప్పినదాన్ని నేనే. ఎర్ర ప్లేటు చూసి డెబ్బై అనుకున్నదాన్నీ నేనే. ఒళ్ళంతా ఉప్పొంగిపోయింది. పొద్దున్నించి పడిన నరకానికి దేవుడు ఈ రూపంలో ప్రతిఫలం ఇస్తున్నాడనుకున్నాను. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే.

"పోదాం" అన్నాను.

మామ టేబుల్ దగ్గరికి వెళ్ళి డెబ్బై ఐదు కొట్టేయించి ఎనభై రాయించాడు. తక్కువ బరువు చెప్పినవాళ్ళు ముందు ఎత్తాలి కాబట్టి నా వంతు వెనక్కి జరిగింది. ఆ అమ్మాయి డెబ్బై ఏడున్నర శుభ్రంగా ఎత్తేసి, తర్వాతి బరువు ఎనభై రెండున్నర అని చెప్పి కూర్చుంది. అంటే ఇక ఎనభై మీద నేనొక్కదాన్నే. మైకులో నా పేరు పిలిచారు.

చేతులకి సుద్దపొడి రాసుకుని స్టేజీ ఎక్కాను. హాలులో జనం పెద్దగా లేరు. ముందు వరసలో క్యాంపు పెద్దాయన, ఆయన పక్కన ఇద్దరు. వంగి పట్టుకున్నాను. లాగాను. రాడ్డు నేలని వదిలింది గానీ పైకి వచ్చే ఊపు లేదు. బొడ్డు దాటి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. వదిలేశాను. ప్లాట్‌ఫారం దద్దరిల్లింది.

నాకు భయం వెయ్యలేదు. ఆశ్చర్యం వేసింది. లోపల అంత తేలిగ్గా ఉన్నది బయటికొచ్చేసరికి ఎందుకిలా అయిందో అర్థం కాలేదు. తెర వెనక్కి వచ్చేసరికి మామ ముఖం పాలిపోయి ఉంది. మొదటిది పడితే ఏ కోచ్ ముఖమైనా అలాగే ఉంటుందనుకున్నాను. ఆయన వంగి నా తొడలు రుద్దుతూ, "ఏం కాలే, ఏం కాలే, లాగేటప్పుడు తొందర పడితివి" అన్నాడు. మన తర్వాత మళ్ళీ మనమే అయితే రెండు నిమిషాలిస్తారు. ఆ రెండు నిమిషాలూ ఆయన తల ఎత్తలేదు.

రెండోసారి కోపంతో లాగాను. ఈసారి తల మీదికి వచ్చింది. కింద కూర్చుని పట్టుకున్నాను. మోచేతులు నిటారయ్యాయి కూడా. అంతలో కుడి భుజం వెనక్కి జారింది, రాడ్డు వీపు వెనక పడింది. నేను దాని కింది నుంచి ఎలా తప్పుకున్నానో నాకు తెలియదు. ఎవరో కెవ్వుమన్నారు.

ఇంకా ఒక్కటే. తెర వెనక కుర్చీలో కూలబడ్డాను. గోడ వైపు తిరిగే ఓపిక కూడా లేదు. పదమూడేళ్ళలో మొదటిసారి లోపలి గది వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. నేను వదిలేసిన రాడ్డు అక్కడే ఉంది, రెండు ఎర్ర ప్లేట్లతో. తర్వాతి విభాగం అమ్మాయిని తీసుకొచ్చిన ఒక కోచ్ దాన్ని చూపించి, ప్లేట్లు అలాగే ఉంచమని తన అమ్మాయికి చెప్తున్నాడు. హిందీలో చెప్తున్నాడు, స్పష్టంగా వినబడింది. "అరవై ఐదు ఉంది. దీంతో మొదలుపెట్టు."

ఒక్క క్షణం ఇతనికి లెక్క రాదనుకున్నాను. తర్వాత నేనే కూడి చూశాను. రాడ్డు పదిహేను. పదిహేనూ యాభై, అరవై ఐదు. నేను లోపల డెబ్బై ఎత్తలేదు. ఏ మెట్టూ మేమనుకున్న మెట్టు కాదు, ప్రతిదీ ఐదు కిలోలు తక్కువ. అరవై ఐదు ఎత్తి, అది తేలిగ్గా ఉందని మురిసిపోయి, దాని మీద ఒక్కసారిగా పదిహేను కిలోలు పెంచి స్టేజీ ఎక్కాను. ఏ మనిషి ఒళ్ళూ దానికి సిద్ధంగా ఉండదు. స్టేజీ మీద ప్లేట్లు వేసేది పోటీ నడిపేవాళ్ళు, అక్కడ ఎనభై అంటే ఎనభయ్యే. బయట రాడ్డు బరువెక్కలేదు, లోపల అబద్ధం ఎత్తాను.

గడియారంలో నిమిషం పైన కొంచెం మిగిలింది. మామ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, ఆ పాడైపోయిన మోకాలి మీద. నా మణికట్లకి పట్టీ బిగిస్తున్నాడు. ఆ తల వెనక, మాటల్లేకుండా పోయిన ఆ ఆరు నెలలు కనబడ్డాయి నాకు. చెప్పి ఏం చెయ్యను? బరువు తగ్గించడానికి లేదు. చెప్తే ఈ మనిషి ఇక్కడే, అందరి ముందూ కూలిపోతాడు. నా జీవితంలో నోటి దాకా వచ్చిన మాటని వెనక్కి మింగడం అదే మొదటిసారి. చింతపండు కంటే కష్టంగా ఉంది.

"మామా, నీళ్ళు" అన్నాను. తాగకుండా ముఖం మీద చల్లుకున్నాను.

"అవుతుంది పాపా" అన్నాడు నా ముఖం చూడకుండా.

మూడోసారి స్టేజీ ఎక్కినప్పుడు నాకు బరువెంతో తెలుసు, ఎందుకు బరువుగా ఉందో కూడా తెలుసు. అలా తెలిశాక మనసు తేటపడింది. ఇప్పుడు ఒళ్ళు కాగింది, రెండుసార్లు ఎనభైని ముట్టుకుంది, ఎత్తగలను అనుకున్నాను. లాగాను. వచ్చింది. కింద కూర్చుని పట్టుకున్నాను. మోచేతులు బిగిశాయి, భుజాలు నిలిచాయి. పైకి లేవడమే మిగిలింది. లేచాను, సగం దాకా. ముందు రోజు నుంచి ఎండిపోయిన తొడలు అక్కడ వణకడం మొదలుపెట్టాయి. ఒక అడుగు ముందుకి వేశాను నిలదొక్కుకోవడానికి, ఇంకో అడుగు వేశాను. రాడ్డు నా కంటే ముందు వెళ్ళింది. దాని వెనక ప్లాట్‌ఫారం అంచు దాకా పరుగెత్తి, పడేశాను.

న్యాయనిర్ణేతల మూడు దీపాలూ ఎర్రగా వెలిగాయి. నేను నమస్కారం పెట్టి దిగాను. అలవాటు కొద్దీ పెట్టాను, ఎవరికి పెట్టానో తెలియదు.

క్యాంపు పెద్దాయన తెర వెనక్కి వచ్చాడు. నన్నేమీ అడగలేదు, మామని అడిగాడు. నేను రెండడుగుల దూరంలో బల్ల మీద కూర్చుని పట్టీలు విప్పుకుంటున్నాను. మామ ఆయనతో కన్నడంలో చెప్పాడు. పిల్ల లోపల బాగానే ఎత్తింది సార్, స్టేజీ ఎక్కేసరికి భయపడింది. ఆయన తలూపి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

పాపం, ఈయనకి అసలు సంగతి తెలియదు, కళ్ళకి కనబడిందే చెప్పాడు అనుకున్నాను. నేను ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నన్ను మళ్ళీ క్యాంపుకి పిలవలేదు. ఆ మాట మాత్రం నాకంటే ముందు ఊళ్ళు తిరిగింది. ఎక్కడ ఏ పోటీకి వెళ్ళినా, మంచి బలముంది గానీ స్టేజీ మీద గుండె ధైర్యం లేదట అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు కొందరు, జాలిగా. ఎవరైనా నన్ను పొట్టి అన్నా, మొండి అన్నా ఊరుకునేదాన్ని కాదు. దీనికి మాత్రం ఊరుకున్నాను. ఇంట్లో అరిచాను, ఆఫీసులో అరిచాను, ఆటోవాళ్ళతో అరిచాను. క్రీడాకారుల కోటాలో వచ్చిన ఉద్యోగంలో ఫైళ్ళు మోస్తూ, మామని కాపాడుతున్నాను కదా అని నాకు నేనే మెడల్ వేసుకున్నాను.

ఏడేళ్ళు గడిచాయి. నేను రాడ్డు వదిలేసి, ఆఫీసయ్యాక ఒక స్కూలు హాలులో అమ్మాయిలకి నేర్పుతున్నాను. మామ ఫ్యాక్టరీ మూతపడ్డాక కొడుకుతో పాటు సర్జాపుర దారిలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంటుకి వెళ్ళిపోయాడు. అంతలోపు ఆయన చేతుల మీదుగా ముగ్గురు అమ్మాయిలు దేశం తరఫున వెళ్ళొచ్చారు. ఒకమ్మాయి పతకం కూడా తెచ్చింది. మంచి కోచ్ అని పేరు. ఆ పేరు నిజమే, అందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు.

నా దగ్గర నేర్చుకున్న పిల్ల మొదటిసారి రాష్ట్రం పోటీకి వెళ్తుంటే, లోపలి గదిలో ప్లేట్లు వెయ్యడానికి రమ్మని అడగడానికి ఒక ఆదివారం ఆ అపార్ట్‌మెంటుకి వెళ్ళాను. బాల్కనీలో కూర్చున్నాం. ఎదురుగా ఇంకో కట్టడానికి పునాదులు తవ్వుతున్నారు. అత్త కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"నేను రాను పాపా. ప్లేట్లు ఎయ్యడం విడిచిపెట్టేసినా" అన్నాడు.

"ఏంటికి మామా?"

అప్పటికి ఆయన అరవై దగ్గరికొచ్చిన మనిషి. పెద్దతనంలో మనుషులకి కొన్ని మాటలు దించుకోవాలనిపిస్తుంది కాబోలు.

"ఆ దినం రాడ్డు నేను తప్పు లెక్కేస్తిని. నీకు తెలీదు. ఐదు కిలోలు తక్కువేస్తిని."

"నాకు తెలుసు మామా."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఎప్పుడు తెలిసె?"

"రెండోది పడినాక. ఇంకో కోచ్ చెప్తుంటే వింటిని. నీకెప్పుడు తెలిసె?"

ఎవరో తర్వాత చెప్పి ఉంటారనీ, ఏళ్ళ తర్వాత లెక్క తట్టి ఉంటుందనీ అనుకుంటూ అడిగాను.

"మొదటిది పడినప్పుడే" అన్నాడు. "రాడ్డు ఛాతీ కాడ నిలిచిపోతానే తెలిసిపాయె. ముందు దినం చెప్తివి కదా పదిహేనని, అది అప్పుడు గుర్తొచ్చె."

అంటే నా తొడలు రుద్దుతూ, తొందర పడితివి అని ఆయన చెప్పినప్పుడు ఆయనకి తెలుసు. పెద్దాయనతో మాట్లాడినప్పుడూ తెలుసు.

"మరి భయపడిందని ఏంటికి చెప్తివి?"

"కోచ్‌కి రాడ్డు బరువే తెలీదంటే నా మొగం ఎవరు చూసుందురు? నా చేతికింద ఇంకా ముగ్గురు పిల్లలుండిరి. వాళ్ళ గతేం కావల్ల? నీదెట్లాగూ అయిపాయె అనుకుంటి పాపా. ఇరవై ఆరేండ్లు వచ్చె. ఒక మాట నీ మీద పడితే ఏం పోయిందిలే అనుకుంటి."

"నా మీద పడిన నెలకే షెడ్డులో ఎనభై ఐదు ఎత్తితిని మామా. ఆ లావు రాడ్డుతో. ప్లేట్లు వేసింది నువ్వే."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను తుడవలేదు, ఓదార్చలేదు. అరవనూ లేదు. కాఫీ తాగేసి, అత్తకి చెప్పి, బస్సెక్కాను.

బస్సు మడివాళ దాటేదాకా కోపమే. ఆ ముగ్గురు అమ్మాయిల్ని ఏం అనగలను, వాళ్ళు నిజంగానే బాగా ఎత్తారు. నా కోసం నాన్నతో మాట్లాడటం మానేసిన మనిషీ, నా పేరు తీసి తన తప్పు మీద కప్పిన మనిషీ ఒక్కరే. ఆయన్ని నేను ఇప్పటికీ చూడటానికి వెళ్తాను, మందులు తీసుకెళ్తాను, వెళ్ళిన ప్రతిసారీ కోపం వస్తుంది. క్షమించానని చెప్పడం అబద్ధమవుతుంది.

కానీ ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది ఆయన గురించి కాదు. అసలు సంగతి మొదటినుంచీ తెలిసినదాన్ని నేను. అరవై ఐదో డెబ్బయ్యో నాకు తెలుసు. అయినా ఏడేళ్ళ పాటు అందరూ అంటుంటే, ఆ ప్లేట్ల లెక్క నేను చెప్పుకునే సాకేమో, నిజానికి భయమే వేసిందేమో అని నేను కూడా నమ్మేశాను. అలా నమ్మే, రెండేళ్ళకే రాడ్డు వదిలేశాను. ఇరవై ఎనిమిదో ఏట, ఒళ్ళు ఇంకా ఎత్తుతుండగానే.

నాకు భయం వెయ్యలేదు. మూడోసారి ఆ ఎనభైని పట్టుకుని సగం దాకా లేచాను.